క్షిపణి విడిభాగాల కంపెనీలో ఫైనాన్స్ అనలిస్టు పని ఎట్లా ఉంటుంది? చేరొచ్చా?

హన్మకొండ తమ్ముడు ఒకతను అడిగిన ప్రశ్న ఇది. కాకతీయ యూనివర్సిటీలో ఎం.కామ్ అయింది, కాస్ట్ అకౌంటెంట్ల కోర్సు సీఎంఏలో ఇంటర్ పాసయ్యాడు. హైదరాబాద్‌లో క్షిపణులకు విడిభాగాలు చేసే ఒక ప్రైవేటు కంపెనీ ప్రోగ్రాం ఫైనాన్స్‌లో అనలిస్టుగా తీసుకుంటానంది. నాన్న మాత్రం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పరీక్ష రాసి డిఫెన్స్ అకౌంట్స్‌లో గవర్నమెంటు ఉద్యోగం చూసుకోమంటున్నారు. అక్కడ పనేం ఉంటుంది, ఎదుగుదల ఉంటుందా, ఎటు పోవాలి అని అడిగాడు.

నేను కాస్ట్ అకౌంటెంట్‌ను, మాదీ వరంగలే. చాలా ఏళ్లుగా ఇదే రంగంలో ఉన్నాను, ఎక్కువ కాలం అమ్మే వైపు, కొంతకాలం కొనే వైపు సలహాదారుగా. కంపెనీల పేర్లు, ఐటెమ్‌ల పేర్లు అడగొద్దు తమ్ముడూ, చెప్పను. కింద రాసిన కాస్ట్ షీట్ (ఒక వస్తువుకు అయ్యే ఖర్చుల పట్టిక) అంకెలు కూడా మార్చినవే.

చేరొచ్చు. కాకపోతే ఏ పనికి చేరుతున్నావో తెలుసుకుని చేరు. టాలీలో ఎంట్రీలు కొట్టే పని కాదిది. ఒక ఆర్డరు ఎంతకు తీసుకుంటే గిట్టుబాటు అవుతుంది, తీసుకున్నాక డబ్బు ఏ నెలలో ఎంత పోతుంది, తిరిగి ఎప్పుడొస్తుంది, అనుకున్నదానికీ జరిగినదానికీ తేడా ఎందుకొచ్చింది అన్నవే రోజూ చూసే సంగతులు. మొదటి మూడింటికి ఎక్సెల్ బాగా వచ్చినవాడు చాలు. నీకు జీతమిచ్చేది ఆ చివరి 'ఎందుకు' కోసం.

కారణం చెప్తాను. ఎనుమాములలో మిర్చికి పొద్దున పాట అయిపోతే ధర తేలిపోతుంది. కొనేవాళ్లు పదిమంది, అమ్మేవాళ్లు వందలమంది, ఎవరూ ఎవరికీ లెక్క చూపించక్కర్లేదు. క్షిపణి మోటారు కేసింగ్‌కు అట్లాంటి పాట ఉండదు. కొనేది ప్రభుత్వం ఒక్కటే, చాలాసార్లు చేయగలిగింది కూడా ఒకరో ఇద్దరో. నలుగురు పోటీపడితే తక్కువ కోట్ చేసినవాడికి ఇచ్చేస్తారు, గొడవ లేదు. ఒక్కరే ఉన్నచోట మాత్రం ఖర్చు ఎంతయిందో విప్పి చూపించి, దానిమీద లాభం ఒప్పించుకోవాలి. మార్కెట్ చెప్పాల్సిన ధరను కాగితం చెప్పాలి. ఆ కాగితం రాసేది నువ్వు.

రాసిన కాగితం ఎంతకాలం బతుకుతుందో కూడా ఊహించుకో. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్ కేంద్రంగా సమీకృత గైడెడ్ క్షిపణుల అభివృద్ధి కార్యక్రమం 1983లో మొదలైంది. అందులో పుట్టిన ఆకాశ్ క్షిపణి సైన్యంలోకి, వాయుసేనలోకి లాంఛనంగా చేరింది 2015లో. మొదటి అంచనాలు రాసినవాళ్లలో ఎంతమంది అప్పటికి సర్వీసులో ఉండి ఉంటారు? అన్ని ప్రోగ్రాములూ ముప్పై ఏళ్లు సాగవు గానీ, ఐదారేళ్లు మామూలే. ఈరోజు నువ్వు వేసిన మెషిన్ అవర్ రేటును (మిషన్ గంటసేపు నడిస్తే అయ్యే ఖర్చు) అప్పుడెప్పుడో ఒక ఆడిటర్ తీస్తాడు. ఆయనకు నువ్వెవరో తెలియదు, నువ్వు కూడా అక్కడ ఉండవు. పక్కన కారణం రాసి ఉంటే చదివి ముందుకు పోతాడు. లేకపోతే అదొక ఆడిట్ పేరా (రిపోర్టులో అభ్యంతరం) అవుతుంది, దానికి జవాబు రాయలేక ఇంకెవడో తల పట్టుకుంటాడు.

ఒక ఐటెమ్ తీసుకుని చూద్దాం. టైటానియం రింగు. ముడి ఫోర్జింగ్ (కొట్టి, నొక్కి రూపమిచ్చిన లోహపు ముద్ద) 40 కిలోలు వస్తుంది, మిషన్ మీద కోత (మెషినింగ్) అంతా అయ్యాక మిగిలేది 9 కిలోలు. కాస్ట్ షీట్‌లో మెటీరియల్ గడిలో 40 కిలోల ధర వేసుకుని నువ్వు ధర చర్చల కమిటీ ముందు కూర్చున్నావు. ఎదుటివైపు ఫైనాన్స్ మెంబరు కళ్లద్దాలు సర్దుకుని అడిగే మొదటి ప్రశ్న: "మిగతా 31 కిలోలు ఏమైనయ్?" చిప్స్ (కోతలో రాలే తురుము) అయ్యాయి, స్క్రాప్‌కు అమ్మేశాం అంటే సరిపోదు. ఎంతకు అమ్మారు? కూలెంట్‌లో తడిసిన టైటానియం తురుముకు పెద్ద ధర రాదు, వేరే గ్రేడు లోహంతో కలిసిపోతే అది కూడా రాదు. ఆ మాట నోటితో చెప్తే ఎవరూ నమ్మరు. ఏడాది స్క్రాప్ అమ్మకాల ఇన్‌వాయిస్‌లు, గేట్ పాస్‌లు, తూకం చీటీలు తీసి, సగటు రేటు కట్టి, అంత మొత్తాన్ని మెటీరియల్ ధరలోంచి తగ్గించి చూపించాలి.

అంతటితో వదలరు. "9 కిలోల రింగుకు 40 కిలోల ఫోర్జింగ్ ఎందుకు?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు అకౌంట్స్ రూంలో దొరకదు. షాప్ ఫ్లోర్‌కు పోయి ప్రాసెస్ ప్లానింగ్ చూసే మనిషిని పట్టుకుంటే అప్పుడు చెప్తాడు: ఈ సైజుకు దగ్గరగా ఫోర్జింగ్ కావాలంటే కొత్త డై (అచ్చు) చేయించాలి, ఆర్డరున్నది అరవై రింగులకే, డై ఖర్చును అరవైకి పంచితే పోయే చిప్స్ ఖరీదు కన్నా ఎక్కువవుతుంది. ఈ లెక్కను రెండు పేరాల్లో రాసి, డై కొటేషన్ జతచేసి, ఆయన సంతకం తీసుకుని పెట్టుకున్నావనుకో, కమిటీలో అది ఐదు నిమిషాల పని. లేదంటే ఆ ఒక్క గడి మీదే మధ్యాహ్నమంతా గడుస్తుంది, చివరికి వాళ్లు తోచినంత కోస్తారు.

అందుకే చేరిన కొత్తలో రోజుకు గంటసేపైనా షాప్‌లో తిరుగు. సేఫ్టీ షూస్ వేసుకో, ఆపరేటర్లను అన్నా అని పిలిచి అడుగు, చెప్తారు. మన దగ్గర బీకామ్ వాళ్లకు మిషన్ దగ్గరికి పోవాలంటే మొహమాటం. ఆ మొహమాటం పోనివాళ్లు ఈ పనిలో పైకి రావడం నేను చూడలేదు.

గంటల లెక్కలో ఇంకో చిక్కు ఉంది. 1936లో రైట్ అనే అమెరికన్ ఇంజినీరు విమానాల తయారీని గమనించి ఒక సంగతి రాశాడు: తయారీ సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కోదానికి పట్టే సగటు శ్రమ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. 80% అనుకుంటే, మొదటిదానికి 100 గంటలు పట్టినప్పుడు రెండింటి సగటు 80, నాలుగింటి సగటు 64, ఎనిమిదింటి సగటు 51. కొనేవాళ్లకు ఇది కంఠతా వచ్చు. "మొదటి లాట్‌లో 100 గంటలన్నరు, మూడో లాట్ వచ్చినా వందేనా?" అని అడుగుతారు. ఇక్కడ చేతిపనినీ మిషన్ పనినీ విడదీయడం తెలియాలి. ఫిట్టింగ్, అసెంబ్లీ, వైరింగ్, ఇన్‌స్పెక్షన్‌లలో చేయి తిరిగేకొద్దీ టైం తగ్గుతుంది, అక్కడ తగ్గించి ఇవ్వాల్సిందే. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ మీద ప్రోగ్రాం ఒకసారి కుదిరాక టైటానియాన్ని కోసే వేగం మూడో లాట్‌లోనూ దాదాపు అదే. పైగా రెండు లాట్‌ల మధ్య ఏడాదిన్నర గ్యాప్ వచ్చి, అనుభవమున్న ఫిట్టర్లు వేరే కంపెనీకి పోతే నేర్చుకున్నది కూడా వాళ్లతోనే పోతుంది. లాట్‌ల తేదీలు, మనుషుల జాబితా చూపిస్తే ఆ వాదన నిలబడుతుంది. విడదీయకుండా మొత్తం గంటలను ఒకే గడిలో వేసిన షీట్ నాకు చూపించావంటే, వేసినవాడు షాప్‌కు పోలేదని అక్కడే తెలిసిపోతుంది.

ఇక డబ్బు కదిలే తీరు. పేపర్లో రక్షణ బడ్జెట్ అంకె చూసి అంతా మన రంగానికే వస్తుందనుకుంటారు. 2025-26లో మొత్తం కేటాయింపు 6.81 లక్షల కోట్లు. అందులో కొత్త ఆయుధాలు, పరికరాలు కొనే మూలధన పద్దు 1.80 లక్షల కోట్లు, పింఛన్లకే 1.60 లక్షల కోట్లు. మూలధనంలోనూ పెద్ద వాటా గత ఏళ్లలో కుదిరిన ఒప్పందాల వాయిదాలకే పోతుంది. కొత్త ఆర్డర్లకు మిగిలేది ఎంతో దీన్నిబట్టి అర్థం చేసుకో. పార్లమెంటు ఇచ్చిన అనుమతి ఆ ఆర్థిక సంవత్సరానికే. మార్చి 31 దాటితే ఖర్చుకాని డబ్బు వెనక్కి పోతుంది. అట్లాగని చివర్లో కుమ్మరించడానికీ లేదు, చివరి మూడు నెలల్లో 33%, ఒక్క మార్చిలో 15% మించకూడదని ఆర్థిక శాఖ నియమం. అందుకని కొనే ఆఫీసు నుంచి సెప్టెంబరు, అక్టోబరుల్లోనే ఫోన్ వస్తుంది: మార్చిలోపు ఎంత డెలివరీ ఇవ్వగలరు, ఎంత బిల్లు పెట్టగలరు? ఏడాది మధ్యలో బడ్జెట్‌ను సవరించే అంచనాల్లో వాళ్లు వేసే అంకె నీ మాట మీద ఆధారపడి ఉంటుంది. ఇంట్లో బతుకమ్మ పేరుస్తుంటే నువ్వు ఆఫీసులో డెలివరీ షెడ్యూల్ పేరుస్తుంటావు. మార్చి సంగతి చెప్పక్కర్లేదు, ఉగాది పచ్చడి చాలాసార్లు క్యాంటీన్‌లోనే తాగాం.

ఆ ఫోన్‌కు ఏం చెప్తావన్నది నీ పరపతి. ప్రొడక్షన్ హెడ్ "ఇస్తాం, రాసెయ్" అంటాడు. ఫోర్జింగులు ఇంకా సప్లయర్ దగ్గరే ఉన్నాయని, టెస్ట్ రిగ్ (పరీక్షించే యంత్రం) జనవరి వరకు ఖాళీ లేదని నీకు తెలుసు. ఇస్తామని రాసి ఇవ్వలేకపోతే అవతలివాళ్ల డబ్బు మురిగిపోతుంది, వచ్చే ఏడాది నీ బిల్లు క్యూలో చివరన ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు, కారణంతో సహా అక్టోబరులోనే మెయిల్ పెట్టు. ఆరోజు మీటింగులో తిట్లు పడతాయి. పడనీ.

బిల్లు పెట్టగానే డబ్బు రాదు, అది ఇంకో కథ. క్షిపణి ఐటెమ్‌లకు నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ తనిఖీ చేసి ఇన్‌స్పెక్షన్ నోట్ ఇవ్వాలి, ఆ తర్వాతే బిల్లు కదులుతుంది. ఈలోపు నీ కంపెనీ బాలానగర్, చర్లపల్లి చిన్న వర్క్‌షాపుల్లో చేయించుకున్న పనికి రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలి. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఆ గడువు దాటిస్తే, చెల్లించేదాకా ఆ ఖర్చును ఆదాయపు పన్నులో మినహాయింపుగా చూపించుకోనివ్వరు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇది 43బి(హెచ్) సెక్షన్, చదువుకో. అంటే బయటికి పోయే డబ్బుకు గడువు ఉంది, లోపలికి వచ్చే డబ్బు తనిఖీ మీద ఉంది. మధ్యలో గ్యాప్ బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్. ఆ వడ్డీని కోట్ చేసేటప్పుడే ధరలో కలిపావా లేదా అన్నది నిన్ను అడుగుతారు.

ఆలస్యమైతే జరిమానా ఉంటుంది. చాలాకాలంగా నడిచిన పద్ధతిలో వారానికి అరశాతం, గరిష్ఠంగా 10%. నాలుగు కోట్ల సరుకు ఆరు వారాలు లేటయితే 12 లక్షలు పోయినట్టే. 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త రక్షణ కొనుగోళ్ల మాన్యువల్‌లో దీన్ని సడలించారు. అభివృద్ధి దశలో జరిమానా లేదు, తర్వాత కూడా మామూలు గరిష్ఠం 5%, మరీ విపరీతమైన ఆలస్యానికే 10%. నీ చేతిలో ఉన్న ఒప్పందం ఏ మాన్యువల్ కింద కుదిరిందో తారీఖు చూసి మరీ లెక్కకట్టు. పాతదానికి కొత్త రూలు వేసి నష్టం నెత్తికెత్తుకున్న ఆఫీసును చూశాను.

డాలర్ గురించి రెండు మాటలు. బేరింగులు, కొన్ని ఎలక్ట్రానిక్ చిప్‌లు ఇంకా దిగుమతే. 2023 చివర్లో డాలరు 83 రూపాయల దగ్గరుంది, 2025 సెప్టెంబరుకు 88 దాటింది. మారకపు తేడాను కొనేవాళ్లు భరించే షరతు ఒప్పందంలో ఉందో లేదో మొదటి రోజే చూడు.

దిగుమతి అంటే ఇంకోటి గుర్తొచ్చింది, కొత్తవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. 2020 రక్షణ సేకరణ విధానంలో అన్నిటికన్నా ముందు వరుసలో ఉన్న కేటగిరీకి, అంటే ఇక్కడే డిజైన్ చేసి, అభివృద్ధి చేసి, తయారుచేసినదానికి, ధరలో కనీసం 50% స్వదేశీ భాగం ఉండాలి. ఆ శాతం లెక్కకట్టేది ఫైనాన్స్. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బిల్లు వేయించుకుని బోల్టులు కొన్నామంటే అది స్వదేశీ అయిపోదు. ఆ వ్యాపారి జర్మనీ నుంచి తెప్పించి ఉంటే దాన్ని తీసేయాలి. సప్లయర్ దగ్గర, ఆ సప్లయర్‌కు సప్లయర్ దగ్గర కూడా అడిగి, దిగుమతి ఖర్చులు, విదేశీ రాయల్టీలు మినహాయిస్తూ పోవాలి. చిన్న వర్క్‌షాపు ఓనరుకు ఈ సర్టిఫికెట్ గొడవ అస్సలు నచ్చదు. ఓపికగా కూర్చోబెట్టి చెప్పాల్సిందే. తప్పుడు సర్టిఫికెట్ మీద సంతకం మాత్రం ఎవరు చెప్పినా పెట్టకు.

అమెరికన్ కంపెనీల పని హైదరాబాద్‌లో చేసే చోట్ల ఎర్న్‌డ్ వాల్యూ (అయిన పని విలువను ఖర్చుతో పోల్చే లెక్క) అని వింటావు, అక్కడి రక్షణ శాఖ 1967లో కాంట్రాక్టర్ల మీద పెట్టిన పద్ధతిలోంచి వచ్చింది. సూటిగా చెప్తే: సెప్టెంబరుకల్లా 10 కోట్ల పని అవ్వాలి, 7 కోట్ల విలువైన పనే అయింది, ఖర్చు 8 కోట్లు. ఖర్చొక్కటే చూసే మేనేజరు 2 కోట్లు మిగిలాయని సంబరపడతాడు. నిజానికి 3 కోట్ల పని వెనకబడింది, చేసిన పనికి కోటి ఎక్కువైంది. మన కంపెనీల్లో చాలాచోట్ల ఇది అడగరు. అడగకపోయినా నీ వరకు నువ్వు లెక్క కట్టుకో.

రహస్యం సంగతి. ఫోను గేటు దగ్గర లాకర్‌లో పెట్టి పోవాలి, ఇంటి నుంచి పనుండదు, 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద కాగితాలపై సంతకాలు పెట్టిస్తారు. ఇంజినీర్లకే కదా ఇవన్నీ అని ఫైనాన్స్ వాళ్లు అనుకుంటారు. నేనైతే తిరగేసి చెప్తాను. ఒక డ్రాయింగ్ బయటికి పోతే ఒక భాగం ఎట్లా చేస్తారో తెలుస్తుంది. నీ డెలివరీ షీట్ పోతే ఏ నెలకు ఎన్ని సైన్యం చేతికి వస్తాయో తెలుస్తుంది. కాబట్టి ఆ షీట్ వాట్సాప్‌లో పెట్టడం, ఫార్ములా సరిచేయమని ఏఐ టూల్‌లో పేస్టు చేయడం, లింక్డ్‌ఇన్‌లో ప్రాజెక్టు పేరు రాసుకోవడం ఏదీ వద్దు. పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఏం చేస్తడు" అంటే కంపెనీలో అకౌంట్స్ అని చెప్పు, చాలు.

మీ నాన్న మాట తీసిపారేయకు. ఎస్‌ఎస్‌సీ పెట్టే సీజీఎల్ (డిగ్రీ స్థాయి) పరీక్ష ద్వారా డిఫెన్స్ అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌లో ఆడిటర్ పోస్టు వస్తుంది. ఏడో వేతన సంఘం లెక్కలో లెవెల్ 5, మూల వేతనం 29,200తో మొదలు. లోపల పదోన్నతికి పెట్టే ఎస్‌ఏఎస్ పరీక్ష పాసైతే అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసరు, అది లెవెల్ 8. సికింద్రాబాద్‌లో ఆఫీసు ఉంది గానీ పోస్టింగు దేశంలో ఎక్కడైనా రావొచ్చు. మొదటి ఏళ్లు ఎక్కువగా జీతాలు, బిల్లులు, పింఛన్లే. ప్రోగ్రాముల ధరల్లో తలదూర్చే అవకాశం పైకి వెళ్లాక, కొనుగోళ్లకు ఆర్థిక సలహా ఇచ్చే ఇంటిగ్రేటెడ్ ఫైనాన్స్ విభాగాల్లో పడితే వస్తుంది. భద్రత కావాలి, ఇంట్లో బాధ్యతలున్నాయి అంటే మంచి దారే. కాకపోతే సీజీఎల్‌కు డిగ్రీ ఉన్న ఎవరైనా సరిపోతారు, నీ సీఎంఏకు అక్కడ విలువ లేదు.

సీఎంఏ పూర్తిచేస్తే గవర్నమెంటు వైపే ఇంకా మంచి తలుపులున్నాయని మీ నాన్నకు చెప్పు. కంచన్‌బాగ్‌లో క్షిపణులు చేసే బీడీఎల్, ప్రత్యేక లోహాలు చేసే మిధాని, ఎద్దుమైలారంలో ఒకప్పటి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, అది 2021 అక్టోబరు నుంచి ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కింద ఉంది. ఇట్లాంటి ప్రభుత్వ రంగ సంస్థల్లో ఫైనాన్స్ పోస్టులకు సీఏ, సీఎంఏలను తీసుకుంటారు. సీఏ, సీఎంఏల కోసమే ఇండియన్ కాస్ట్ అకౌంట్స్ సర్వీస్ అని కేంద్ర సర్వీసు కూడా ఉంది, యూపీఎస్‌సీ ద్వారా తీసుకుంటారు. మన జిల్లాల పిల్లల్లో దాని పేరు విన్నవాళ్లు తక్కువ. ప్రైవేటులో రెండుమూడేళ్లు ధర చర్చల్లో కూర్చుని వచ్చినవాడికి ఆ ఇంటర్వ్యూల్లో చెప్పడానికి సరుకుంటుంది. అందుకే నీకిప్పుడు ఈ ప్రైవేటు ఆఫరే మేలని నా లెక్క.

ఒప్పుకునే ముందు హెచ్‌ఆర్‌ను కాకుండా, నీ పైన ఉండబోయే మనిషిని ఒక్కసారి కలిసి మాట్లాడించమని అడుగు. కాస్ట్ షీట్ ఎవరు తయారుచేస్తారు, ధర చర్చలకు అనలిస్టును తీసుకుపోతారా, షాప్‌లోకి రానిస్తారా అని అడుగు. "అవన్నీ మార్కెటింగ్ వాళ్లు చూసుకుంటరు, నువ్వు నెలనెలా ఎంఐఎస్ రిపోర్టులు పంపితే చాలు" అన్నారంటే జీతం రెండువేలు ఎక్కువిచ్చినా పోకు, అక్కడ నేర్చుకునేదేమీ ఉండదు.

సీఎంఏ ఫైనల్ పరీక్షలు జూన్, డిసెంబర్‌లలో ఉంటాయి కదా. డిసెంబర్‌కే ఫీజు కట్టు. జూన్ పెట్టుకుంటే సరిగ్గా చదవాల్సిన నెలల్లో మార్చి క్లోజింగు, దాని వెంటే ఏప్రిల్, మే స్టాట్యుటరీ ఆడిట్ ఉంటాయి, పుస్తకం తెరవనివ్వరు. సెలవు సంగతి చేరేటప్పుడే మాట్లాడుకుని ఆఫర్ లెటర్‌లో రాయించుకో, నోటిమాట మీద ఉండకు.